సెడాన్ కొంటున్నారా? బోనెట్ ఎత్తే ముందు కిందికి వంగి చూడండి

నేను మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. దెబ్బతిన్న బండిని చూసి నష్టం ఎంతో లెక్కగట్టడం నా పని. ఉండేది అమలాపురం. అటు రాజోలు, సఖినేటిపల్లి, ఇటు ముమ్మిడివరం, రావులపాలెం, ఏరు దాటితే నరసాపురం, పాలకొల్లు, భీమవరం దాకా తిరుగుతుంటాను. అందుకని తెలిసినవాళ్లెవరు సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నా "మీరూ ఓసారి వచ్చి చూసిపెట్టండి" అంటారు. అందరితోనూ వెళ్లడం కుదరదు. వెళ్తే ఏం చూస్తానో ఇక్కడ రాస్తున్నాను. డిజైర్, అమేజ్, సిటీ, వెర్నా, సియాజ్, ఎతియోస్, ఆస్పైర్, వెంటో – మన వైపు ఐదేళ్ల నుంచి పన్నెండేళ్ల వయసులో చేతులు మారే ఫ్యామిలీ సెడాన్లు ఎక్కువగా ఇవే.

కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" రెండోది "మైలేజీ ఎంతొస్తుంది?" మన డెల్టాలో ఈ రెండూ తర్వాత అడగొచ్చు. ముందు తెలుసుకోవాల్సింది ఈ బండి ఇన్నాళ్లూ ఏ ఊళ్లో ఉంది, ఎక్కడ నిలబెట్టారు, దాని కిందికి ఏ నీళ్లు చేరాయి అన్నది. ఇంజిన్ పాడైతే విప్పి బాగుచేస్తారు, డబ్బులు పోతాయి, అంతే. ఉప్పు తిన్న రేకునీ, ముంపులో నానిన వైరింగునీ పూర్తిగా బాగుచేసినవాణ్ణి నేనింకా చూడలేదు. బాగుచేశామని చెప్పినవాళ్లని మాత్రం చాలామందిని చూశాను.

అందుకే బండి దగ్గరికి వెళ్లగానే నేను చేసే మొదటి పని, పాత తువ్వాలు ఒకటి నేల మీద పరిచి పడుకుని కిందికి చూడటం. ప్యాంటు మాసిపోతుందని మొహమాటపడితే కుదరదు. వీలుంటే దగ్గర్లో వాటర్ సర్వీసింగ్ చేసే చోటికి తీసుకెళ్లి ర్యాంపు ఎక్కించమనండి. అమ్మేవాడు దానికే ఒప్పుకోకపోతే ఇంకో బండి చూసుకోవడం మంచిది.

ఉప్పు

అంతర్వేది, మల్కిపురం, ఓడలరేవు వైపు బళ్లకి ఉప్పుగాలి తప్పదు. దానికంటే ఎక్కువ నష్టం చెరువుల గట్ల మీద తిరిగే బళ్లకి. "రైతు గారి బండండి, పొలానికీ ఇంటికీ తప్ప తిరగలేదండి" అంటాడు బ్రోకరు. నిజమే చెబుతుండొచ్చు. కానీ మన దగ్గర ఇప్పుడు పొలం అంటే సగం చోట్ల రొయ్యల చెరువే. ఆ కారు డిక్కీలో మేత బస్తాలు వెళ్తాయి, ఏరేటర్ మోటార్లు వెళ్తాయి, పట్టుబడి రోజున ఐసు పెట్టెలో రొయ్యలు కూడా వెళ్తాయి. ఐసు కరిగిన నీళ్లు కార్పెట్ కిందికి దిగి, స్టెప్నీ గుంటలో నిలబడతాయి. వాటిలో ఉప్పు ఉంటుంది.

కాబట్టి డిక్కీ తెరిచి కార్పెట్ మొత్తం పైకెత్తండి. స్టెప్నీ తీసి పక్కన పెట్టండి. రెండు రేకులు కలిసే అతుకుల వెంట ఫ్యాక్టరీలో పూసిన సీలెంటు గీతలా కనిపిస్తుంది. అది పగిలి, దాని అంచున గోధుమరంగు పొడి రాలుతుంటే తుప్పు లోపల్నుంచి వస్తోందని అర్థం. బొటనవేలితో గట్టిగా నొక్కండి. పైన పెయింటు నిగనిగలాడుతున్నా లోపల రేకు కరకరమన్నదంటే అది పెయింటు మీద నిలబడ్డ రేకే.

తర్వాత తలుపుల కింద పొడవుగా ఉండే రన్నింగ్ బోర్డు. జాకీ పెట్టే చోట్లు నాలుగూ చూడండి. జాకీ పెట్టి ఒక్క అంగుళం ఎత్తమనండి. బండి లేవకుండా రేకు లోపలికి నొక్కుకుపోయిందంటే ఇక మాట్లాడాల్సింది లేదు. రన్నింగ్ బోర్డు అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. చెరువు గట్టు బురద వాటిని పూడ్చేస్తుంది, నీళ్లు లోపలే నిలుస్తాయి. పదేళ్ల బండికి అడుగున కొత్తగా నల్లటి కోటింగు కొట్టించి ఉంటే సంతోషపడకండి. ఎందుకు కొట్టించారో, ఎప్పుడు కొట్టించారో అడగండి. అమ్మకానికి పెట్టే వారం ముందు కొట్టించిన కోటింగు తుప్పుని ఆపదు, కప్పుతుంది.

ఉప్పు వల్ల వచ్చే ఫిర్యాదుల్లో యజమానులు గుర్తుపట్టలేనిది ఒకటుంది. సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, లైట్లు మందంగా వెలుగుతాయి, పవర్ విండోలు బద్ధకంగా ఎక్కుతాయి. బ్యాటరీ మార్చేస్తారు. నెలకే మళ్లీ అదే కథ. చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు, ఎర్త్ వైరుది. ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఆ లావాటి తీగ కొసని చూడండి. పచ్చటి చిలుము పట్టి ఉంటే కరెంటు సరిగ్గా పారదు. బాగుచేయడం చవకే. కానీ అక్కడ చిలుము ఉందంటే మిగతా కనెక్టర్లలోనూ ఉండొచ్చు కదా. ఇంజిన్ గది ఫ్యూజ్ పెట్టె మూత తీసి చూడండి, అందులో కూడా అదే పచ్చదనం కనిపిస్తే బేరం మాట దేవుడెరుగు, వచ్చిన దారినే వెళ్లిపోండి.

ముందు బంపర్ సందులోంచి టార్చ్ వేస్తే ఏసీ కండెన్సర్ కనిపిస్తుంది. దాని రేకులు తెల్లగా పొడిపొడిగా రాలుతుంటే గ్యాసు నిలబడదు. "గ్యాసు మొన్నే కొట్టించామండి" అన్న మాట విన్నప్పుడల్లా నేను అడిగేది ఒకటే: పాత గ్యాసు ఎటు పోయింది?

ఇంకో చిన్న విషయం. మన సెడాన్లకి గ్రౌండ్ క్లియరెన్స్ సుమారు 165 మిల్లీమీటర్లు. నలుగురు ఎక్కితే అదీ ఉండదు. నరసాపురం–సఖినేటిపల్లి పంటు (బళ్లని ఏరు దాటించే పడవ) ఎక్కీ దిగీ, ఏటిగట్టు నుంచి ఇంటి వాకిట్లోకి దిగీ కింద తగలని బండి అరుదు. ఆయిల్ చాంబర్‌కి సొట్ట ఉంటే కంగారు పడక్కర్లేదు, కానీ సొట్ట చుట్టూ తడిగా ఉంటే, లేదా ఎంసీల్ పెట్టి ఉంటే ధర తగ్గించమని అడగండి.

తక్కువ తిరిగిన బండి

మన జిల్లాల్లో ఒక రకం కారు ఎక్కువ. అబ్బాయి అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటాడు. వచ్చినప్పుడు తిరగడానికని కారు కొని పెడతాడు. సంక్రాంతికి బయటికి తీస్తారు, ఏదైనా పెళ్లికి తీస్తారు, మిగతా ఏడాదంతా కొబ్బరి చెట్ల కింద కవరు కప్పుకుని ఉంటుంది. ఎనిమిదేళ్లలో ఇరవై వేలు కూడా తిరగదు. అమ్మకానికి పెట్టగానే ఎగబడతారు.

నేనైతే లక్ష కిలోమీటర్లు తిరిగి, టైముకి ఆయిల్ మారిన బండి ముందు దీన్ని రెండో స్థానంలోనే పెడతాను. నిలబడ్డ బండికి రబ్బరు గట్టిపడుతుంది, బ్రేకు కాలిపర్లు పట్టేస్తాయి, టైర్లకి పక్కన సన్నటి పగుళ్లు వస్తాయి. టైరు పక్కన చివర నాలుగు అంకెలు చూడండి: 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. బటన్లు (టైరు మీది గాట్లు) ఎంత ఉన్నా ఆరేడేళ్లు దాటిన టైర్లతో హైవే ఎక్కకండి. నాలుగు టైర్ల ఖర్చు ఇప్పుడే ధరలోంచి తీసేయండి. పెట్రోలు బండైతే ట్యాంకులో ఎన్నాళ్లుగా ఎంత ఉందో అడగండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌కి గాల్లోని తేమని లాక్కునే గుణం ఉంది, మన దగ్గర తేమకి కొదవా? 2023కి ముందు వచ్చిన చాలా బళ్లని ఆ పెట్రోలుని దృష్టిలో పెట్టుకుని తయారుచేయలేదు కూడా. నెలల తరబడి నిలబెట్టిన బండిలో పంపు, ఇంజెక్టర్లు ఇబ్బంది పెడితే ఆశ్చర్యం లేదు.

అన్నింటికన్నా పెద్ద పేచీ ఎలుకలతో. వరి కోతలు అయిపోయాక పొలంలో తిండి దొరకని ఎలుకలు ఇళ్ల మీద పడతాయి, కదలని కారు వాటికి మంచి ఇల్లు. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరవండి. గడ్డి, కొబ్బరి పీచు, పెంటికలు కనిపిస్తే వైర్లు కూడా కొరికి ఉంటాయి. కొరికిన చోట ఎలక్ట్రీషియన్ టేపు చుట్టి ఉంటుంది. ఫ్యాక్టరీ టేపు బట్టలా గరుగ్గా ఉంటుంది, బజారు టేపు నున్నగా మెరుస్తుంది. ఆ మెరుపు ఎన్ని చోట్ల ఉందో చూసుకోండి.

ఒకసారి నిచ్చెనో స్టూలో వేసుకుని పైకప్పు కూడా చూడండి. కొబ్బరికాయ పడిన సొట్ట మన వైపు మామూలే. సొట్ట వల్ల నష్టం లేదు. దాన్ని టింకరింగ్ చేసి, పుట్టీ పెట్టి, పెయింటు వేసి "యాక్సిడెంట్ లేదు, ఒరిజినల్ పెయింట్" అని చెప్పడమే తేడా. ఒక అబద్ధం దొరికితే మిగతా మాటలకి ఎంత విలువ ఇవ్వాలో మీకే తెలుస్తుంది.

ముంపు

గోదావరి వరదకి మనకి కబురు ముందే వస్తుంది. భద్రాచలంలో నీరు పెరిగిందంటే ధవళేశ్వరానికి చేరేలోపు కాస్త వ్యవధి దొరుకుతుంది, బళ్లని ఏటిగట్టు మీదికో బంధువుల ఊరికో పంపేస్తారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి 25 లక్షల క్యూసెక్కులు మించి ప్రవాహం వచ్చినప్పుడు కూడా లంకల్లో చాలామంది ముందే కార్లు తీసేశారు. రాత్రికి రాత్రే వచ్చిపడే నగరం ముంపు వేరు. విజయవాడలో 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు, హైదరాబాదులో 2020 అక్టోబరు వానల్లో, చెన్నైలో 2015 డిసెంబరులోనూ 2023 డిసెంబరులోనూ నీళ్లు బళ్లని కదలనివ్వలేదు. అలా మునిగిన బళ్లలో కొన్ని శుభ్రమై, పాలిషై, ఎవరికీ వాటి కథ తెలియని ఊళ్లకి వస్తాయి. మనదీ అలాంటి ఊరే.

నంబరు ప్లేటు చూసి కనిపెట్టేయొచ్చు అనుకోకండి. ఒకప్పుడు ఏపీ 05 అంటే తూర్పు గోదావరి, 37 అంటే పశ్చిమ, 16 అంటే కృష్ణా అని చెప్పేవాళ్లం. 2019 నుంచి రాష్ట్రమంతా ఒకే వరస, అది ఏపీ 39తో మొదలైంది, కాబట్టి 39 చూసి ఏ జిల్లా బండో తెలియదు. ఆర్‌సీ మీద ఏ ఆఫీసులో రిజిస్టరైందో, పాత పాలసీల మీద యజమాని చిరునామా ఏ పేటలో ఉందో చూడాలి.

రావులపాలెం వైపు హైవే పక్కన ఒక యార్డులో తెల్ల సెడాన్ చూడ్డానికి ఒక మాస్టారితో వెళ్లాను. తలుపు తీయగానే గుప్పున సెంటు వాసన. సీట్లు కొత్త కవర్లు, కింద కొత్త మ్యాట్లు. నేను ముందు సీటు బెల్టు పట్టుకుని ఆగేదాకా మెల్లగా లాగాను. పైన రెండడుగులు శుభ్రంగా ఉంది. చివరి జానెడు మీద అడ్డంగా ఒక గీత, దాని కింద టీ మరక రంగు. యార్డు కుర్రాడు "దుమ్మండి బాబూ" అన్నాడు. దుమ్మైతే తడి గుడ్డకి వచ్చేస్తుంది. రుమాలు తడిపి రుద్దాను. గుడ్డకి కొంచెం అంటింది గానీ నేత సందుల్లో ఉన్నది కదల్లేదు. అది ఒండ్రు. బెల్టు చుట్టుకునే చోటికి, అంటే దాదాపు సీటు అంచుదాకా నీళ్లు వచ్చాయన్నమాట. సీటు వెనక్కి జరిపి కింద పట్టాల బోల్టులు చూస్తే తలలన్నీ తుప్పు, వాటిలో రెండు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి. ఎవరో సీట్లు విప్పి ఎండబెట్టి మళ్లీ బిగించారు. మాస్టారు అప్పటికే అడ్వాన్సు జేబులో పెట్టుకుని వచ్చారు. అది జేబులోనే ఉండిపోయింది.

మీరూ అలాగే చూడండి. నాలుగు బెల్టులూ చివరిదాకా లాగండి. సీటు కింద స్ప్రింగులు, బ్రేకు పెడలు పైన ఉండే బ్రాకెట్టు, డ్యాష్‌బోర్డు కింద స్క్రూలు – సామాన్యంగా తుప్పు పట్టని ఈ చోట్ల తుప్పు ఉందా? హెడ్‌లైట్ లోపల ఆవిరి, నీటిగీత ఉన్నాయా? రెండింటిలో ఒకటే కొత్తగా ఉందా? కార్పెట్ మూల కొంచెం ఎత్తి అడుగున స్పాంజి వాసన చూడండి. సెంటు పైన కొడతారు, స్పాంజిలోకి దిగదు.

నేల వరకే నీళ్లు వచ్చిన బండి కూడా నేనైతే వద్దంటాను. ఎయిర్‌బ్యాగులని నడిపించే కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో ముందు సీట్ల మధ్య, నేలకి ఆనించే ఉంటుంది. తాళం తిప్పగానే మీటర్లో ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి, కొన్ని సెకన్లకి ఆరిపోవాలి. ఆరకపోతే లోపం. అసలు వెలగకపోతే ఇంకా అనుమానం, ఎవరో ఆ లైటునే తీసేసి ఉండొచ్చు.

నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్లినప్పుడు కంగారులో సెల్ఫ్ కొట్టేవాళ్లుంటారు. నీరు గాలిలా కుదించుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అలాంటి ఇంజిన్ కొన్నాళ్లు నడుస్తుంది కూడా, ఒక సిలిండర్ మాత్రం సన్నగా కొడుతూ ఉంటుంది. అనుమానం ఉంటే మెకానిక్‌తో సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) చూపించండి. నాలుగు సిలిండర్లకీ దగ్గరదగ్గరగా రావాలి.

నడిపి చూడటం

ముందురోజే ఫోన్ చేసి చెప్పండి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎవరో మీకంటే ముందే లేపారు. చల్లని ఇంజిన్ మొదటి అరనిమిషంలో చాలా చెప్తుంది: నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, ఆగకుండా తెల్లటి పొగ కక్కుతూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. డీజిల్‌కి తొక్కినప్పుడు కొంచెం నల్ల పొగ పర్లేదు, మబ్బులా వస్తే కాదు.

డెల్టాలో ఒక చిక్కుంది. నేలంతా చదును, క్లచ్‌ని పరీక్షించే ఎత్తే దొరకదు. నేను వంతెనల దగ్గరికి తీసుకెళ్తాను. చించినాడ, సిద్ధాంతం, జొన్నాడ, ఎదుర్లంక – ఏది దగ్గరైతే అది. నలుగురిని ఎక్కించి, ఏసీ వేసి, వంతెనకి ఎక్కే అప్రోచ్ మీద మూడో గేరులో తొక్కండి. ఇంజిన్ శబ్దం పెరుగుతోంది గానీ వేగం పెరగడం లేదంటే క్లచ్ ప్లేటు అయిపోవచ్చింది. కాలువ గట్ల మీద గేదెల వెనకా గడ్డి ట్రాక్టర్ల వెనకా హాఫ్ క్లచ్‌లో నడిచే బళ్లకి క్లచ్ తొందరగా అరుగుతుంది, అది మోడల్ తప్పు కాదు.

మిగతావి ఖాళీ స్థలంలో చూసుకోవచ్చు. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి మెల్లగా ముందుకి కదపండి. టకటక అంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. కోతల కాలంలో రోడ్డు మీద పరిచిన గడ్డి షాఫ్టుకి చుట్టుకుని ఆ జాయింటు రబ్బరు బూటుని చింపేస్తుంది, గ్రీజు పోయి జాయింటు ఎండుతుంది. సిమెంటు రోడ్డు స్పీడ్ బ్రేకర్ల మీద డబ్ డబ్ మంటే లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఇవి మార్చుకోవచ్చు. స్టీరింగ్ చేతిలో కొట్టుకుంటున్నట్టు ఉంటే స్టీరింగ్ ర్యాక్ (చక్రాలని తిప్పే భాగం) వరకూ వెళ్లొచ్చు, ఖర్చు వేరే స్థాయిలో ఉంటుంది. 60–80 మధ్యలో విమానంలా ఊ అని మోత వస్తే వీల్ బేరింగ్.

ఏసీని మధ్యాహ్నం ఎండలో, బండి నిలబెట్టి పది నిమిషాలు చూడండి. నడుస్తున్నప్పుడు చల్లగా ఉండి, ఆగితే వేడిగా వస్తే ఫ్యానో కండెన్సరో. ముందు ఎడమ సీటు కాళ్ల దగ్గర తడి ఉంటే ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. కూలింగ్ కాయిల్ లీకైతే మాత్రం చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి, విప్పిన డ్యాష్‌బోర్డు తిరిగి బిగిస్తే ఆ తర్వాత కిచకిచ శబ్దాలు మానవు.

తక్కువ ధరకి దొరికే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలని చదివే పరికరం) ఒకటి పెట్టుకోండి. లోపాల కోడ్‌లు ఏవీ లేవని చూపిస్తే చాలదు. "రెడీనెస్" అనే చోట పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని వస్తే, కోడ్‌లని కాసేపటి క్రితమే చెరిపేసి ఉండొచ్చు, బ్యాటరీ తీసి పెట్టినా అలాగే చూపిస్తుంది. పాతిక ముప్పై కిలోమీటర్లు నడిపాక మళ్లీ పెట్టండి.

మోడళ్ల సంగతి

మోడల్‌ని బట్టి చెప్పేది తక్కువే ఉంది, జనం దాని మీదే ఎక్కువ వాదిస్తారు గానీ. డిజైర్ డీజిల్‌లో ఉన్న 1.3 లీటరు ఇంజిన్ చాలా కంపెనీల బళ్లలో వచ్చినదే, ఎక్కడైనా బాగుచేస్తారు. మారుతి 2020 ఏప్రిల్ నాటికి డీజిల్ ఆపేసింది. డిజైర్, ఎతియోస్ లాంటివాటిలో టాక్సీగా తిరిగి తర్వాత తెల్ల ప్లేటుకి మారినవి ఉంటాయి. ఆర్‌సీ చరిత్ర చూడండి, స్పీడ్ గవర్నర్ తీసేసిన వైర్ల గుర్తులు ఇంజిన్ గదిలో ఉంటాయి. వెంటో, ఆస్పైర్ 1.5 డీజిళ్లలో టైమింగ్ బెల్టు ఉంటుంది, చైన్ కాదు. అది మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్కేసుకుని ధర మాట్లాడండి, తెగితే ఇంజిన్ పోతుంది. వెంటో, స్కోడా రాపిడ్ ఆటోమేటిక్‌లలోని డీఎస్‌జీ అనే 7 గేర్ల డ్రై క్లచ్ గేర్‌బాక్స్ మీద ఫిర్యాదులు చాలా దేశాల్లో వచ్చాయి. పూర్తి రికార్డు లేని పాత బండైతే నేను మాన్యువల్ తీసుకోమంటాను. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో మన దేశంలో తయారీ ఆపుతున్నట్టు చెప్పింది, కాబట్టి ఆస్పైర్ కొనేముందు మీకు దగ్గర్లో ఎవరు చూస్తారో కనుక్కోండి. 2020 తర్వాతి బీఎస్6 డీజిళ్లలో పొగ వడగట్టే డీపీఎఫ్ ఉంటుంది, అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడు ఎక్కువ దూరం ఒకే వేగంతో వెళ్లాలి. రోజూ బజారుకీ బడికీ తప్ప తిరగని వాళ్లు డీజిల్ జోలికి వెళ్లకండి.

పాత హోండా సిటీ, టయోటా కొరొల్లా లాంటివి చూస్తుంటే ఒక్కటి తప్పకుండా చేయండి. 2013 దాకా తయారైన కొన్ని బళ్లలో టకాటా అనే కంపెనీ ఎయిర్‌బ్యాగుల మీద రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీయే బళ్లని వెనక్కి పిలవడం) ఉంది. వాటిలో వాడిన అమోనియం నైట్రేట్ వేడికీ తేమకీ ఏళ్ల తరబడి దెబ్బతిని, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బా ముక్కలై ఎగిరే ప్రమాదం ఉందని తేలింది. వేడి, తేమ అంటే మన ఊరే. ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే పని చేయించారో లేదో చెబుతుంది, చేయించకపోతే ఉచితంగా మారుస్తారు. హోండాలు కొన్నింటికి ఫ్యూయల్ పంపు మీద 2020లోనూ 2024లోనూ రీకాల్ వచ్చింది, అదే చోట అది కూడా చూసుకోవచ్చు.

కాగితాలు

ఇది నా సొంత ఇలాకా కాబట్టి ఒక కిటుకు చెబుతాను. అమ్మేవాడి ఇన్సూరెన్స్ పాలసీ అడిగి, అందులో నో క్లెయిమ్ బోనస్ ఎంత శాతం ఉందో చూడండి. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదేళ్లకి 50. ఆరేళ్ల బండి, "గీత కూడా పడలేదండి" అంటాడు, పాలసీలో బోనస్ సున్నా. అంటే కిందటేడు క్లెయిమ్ అయ్యిందన్నా అయి ఉండాలి, పాలసీ మధ్యలో ఆగిపోయిందన్నా అయి ఉండాలి. ఏ భాగానికి క్లెయిమో అడగండి, సర్వే రిపోర్టు, బిల్లు చూపించమనండి. బోనస్ 50 ఉంది కదా అని పూర్తిగా నమ్మకండి కూడా. ఆ బోనస్ బండిది కాదు, మనిషిది. పాత కారు నుంచి తెచ్చుకోవచ్చు, యాడ్ ఆన్‌తో కాపాడుకోవచ్చు. మీకు మాత్రం అది రాదు. మీ పేరు మీదికి మారేటప్పుడు బోనస్ తేడా మీరు కట్టాలి, ఆ లెక్క బేరంలోనే వేసుకోండి.

రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్‌గా లెక్కకడతారు. అలా తీర్మానమైన బండి మళ్లీ రోడ్డెక్కిందేమో తెలుసుకోడానికి కంపెనీ సర్వీస్ సెంటరు రికార్డు బాగా పనికొస్తుంది. అందులో కిలోమీటర్లు కూడా తేదీలతో ఉంటాయి. మీటర్ వెనక్కి తిప్పితే అక్కడే దొరికిపోతుంది. వాహన్ పోర్టల్‌లో ఫైనాన్స్ పెండింగ్ ఉందా, చలానాలు ఉన్నాయా చూడండి. లోను తీరినా ఫారం 35 ఇచ్చి హైపోథికేషన్ (ఆర్‌సీ మీద లోను ఇచ్చినవాళ్ల పేరు) తీయించనివి బోలెడు.

పేరు మార్పుకి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని బీరువాలో పెట్టుకునే అలవాటు మన వైపు ఎక్కువ. అమ్మినవాడు ఒకే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో తన పేరు మీదికి మార్పించుకోవాలి. ఆర్‌సీ మీద ఎవరి పేరుంటే ప్రమాదానికి వాళ్లదే బాధ్యతని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, కాబట్టి అమ్మేవాడికీ ఇది అవసరమే. థర్డ్ పార్టీ బీమా మీకు దానంతటదే వస్తుంది. మీ సొంత బండి నష్టానికి బీమా కావాలంటే కొన్న 14 రోజుల్లో పాలసీ మీ పేరు మీదికి మార్చమని దరఖాస్తు చేయాలి. నేను సర్వేకి వెళ్లి "పాలసీ ఇంకా పాతాయన పేరునే ఉందండి" అని విన్న ప్రతిసారీ కాగితం మీద ఏం రాయాలో తెలిసి కూడా చెప్పడం కష్టమైపోతుంది. హైదరాబాదు బండైతే ఫారం 28తో అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ లైఫ్ ట్యాక్సు – ఆ ట్యాక్సు ఎంతవుతుందో ఆర్టీవో ఆఫీసులో కనుక్కున్నాకే ధర ఖాయం చేయండి. అక్కడ చవక అనుకున్నది ఇక్కడికొచ్చేసరికి సమానం అయిపోతుంది.

డబ్బులిచ్చే రోజున రెండు తాళాలూ తీసుకోండి. ఒకటే ఉందంటే కొత్త తాళం ప్రోగ్రామింగ్ ఖర్చు తగ్గించమనండి. అద్దం మీద ఉన్న ఫాస్టాగ్‌ని అమ్మినాయన చేతే బ్యాంకులో మూయించండి, పాతది మూస్తేనే అదే బండికి మీ పేరున కొత్తది ఇస్తారు.